చాంద్‌మారి అవతల

సత్తమ్మను చంపింది చాంద్‌మారి తూటా. ఎర్రబోడు గుట్టకు ఇవతల పోలీసులు గురి నేర్చుకునే మైదానం ఉంది. దాన్ని చాంద్‌మారి అంటారు. అక్కడ కాల్చిన తూటా గుట్ట దాటి వచ్చి, వాగు పక్క గొర్రెలు మేపుకుంటున్న సత్తమ్మ మెడ కింద తగిలింది. ఇందులో అనుమానం లేదు. అనుమానం ఉన్నదన్నవాళ్లకు అనుమానంతోనే పని ఉంది.

పోలీసులు తమ త్రీనాట్‌త్రీ తుపాకి అంత దూరం కొట్టదన్నారు. ఇది బర్మారు దెబ్బ అన్నారు. బర్మారు అంటే గొట్టంలో మందు కూరి, సీసం గుండు దిగేసి కాల్చే నాటు తుపాకి. ఊళ్లో అది సత్తమ్మ తమ్ముడు ఎల్లేశం దగ్గర ఉండేది, చేల మీద పడే అడవిపందుల కోసం. ఎల్లేశాన్ని క్యాంపుకు తీసుకుపోయి కొట్టారు. రుజువు దొరకక వదిలేశారు. పోలీసులు వదిలినా కులం వదల్లేదు. గురి తప్పి అక్కను చంపి, ఒప్పుకునే ధైర్యం లేక తిరుగుతున్నాడని గొల్లలు అతన్ని వెలి పెట్టారు.

సత్తమ్మ మొగుడు ఐలేశం మాత్రం ఒక్కనాడూ ఆ మాట నమ్మలేదు. రెండేళ్లుగా చాంద్‌మారి తూటా అని అందరికీ చెబుతున్నాడు. మొదట్లో విన్నవాళ్లు తల ఊపేవాళ్లు. తర్వాత తల తిప్పుకునేవాళ్లు.

ఆ రోజు ఐలేశం ఎల్లేశం దొడ్డిలో గొర్రెల బొచ్చు కత్తిరిస్తున్నాడు. గొల్లల్లో ఇది ఒక్కడు చేసుకునే పని కాదు. ఒకరి మందకు అందరూ ఎవరి కత్తెర వాళ్లు తీసుకుని వస్తారు. మర్నాడు ఇంకొకరి మందకు పోతారు. మందగల్లాయన పొట్టేలును కోస్తాడు, కల్లు పోస్తాడు. వెలిలో ఉన్న ఎల్లేశం దొడ్డికి ఏ కత్తెరా రాదు. బొచ్చు పెరిగి పేడతో అట్టలు కట్టి, దాంట్లో పల్లేరు కాయలు గుచ్చుకుని, పిడుదులు పట్టి, గొర్రెలు రాళ్లకు ఒళ్లు రాసుకునేవి. ఐలేశం ఒక్కడే వచ్చి, చేతనైనన్ని కత్తిరించి పోయేవాడు.

ఎల్లేశం గొర్రెను పడగొట్టి నాలుగు కాళ్లూ కలిపి పట్టుకున్నాడు. ఐలేశం మోకాలు దాని మెడ మీద ఆనించి, పొట్ట వైపు నుంచి కత్తెర దూర్చాడు. చర్మాన్ని ఎడమ చేత్తో బిగబట్టి పోనిస్తుంటే నల్ల బొచ్చు గొంగడి విప్పినట్టు ఒక్క ముక్కగా ఊడి వస్తోంది. అట్ట కట్టిన చోట కత్తెర ఆగుతోంది. అక్కడ వేళ్లతో విడదీసి, పేను చూసినట్టు చూసి, మళ్లీ పోనిస్తున్నాడు.

కంచె అవతల కులపెద్ద కాటమయ్య వచ్చి నిలబడ్డాడు. వరసకు ఐలేశానికి మామ. భుజం మీద కొత్త గొంగడి, చేతిలో గొడ్డలి కర్ర.

"పెండ్లాన్ని సంపినోని గొర్లకు క్షవరం జేస్తున్నవా అల్లుడా?"

ఐలేశం తల ఎత్తలేదు. "కంచె అవతల నిలబడి అంటున్నవు మామా. జర లోపటికొచ్చి అను."

"వెలి దొడ్డిల నేను కాలు పెట్ట."

"అయితే నోరు గూడ పెట్టకు."

ఎల్లేశం గొర్రె కాళ్లు పట్టుకున్న చేతుల మధ్య మొహం దాచుకున్నాడు. అతను కులం మనుషుల ముందు తల ఎత్తడం మానేసి చాలా కాలమైంది.

"రేపు నా మందకు కత్తెర," అన్నాడు కాటమయ్య. "నువ్వు రా. రాకుంటే నీ మందకు ఎవ్వడు రాడు. ఆడిని వదిలిపెట్టు. ఇది కులం మాట."

"కులం మాటనా, క్యాంపు మాటనా? నీ పొట్టేండ్లు ఎవని పొయ్యి మీద ఉడుకుతున్నయో ఊరంతెరుకే."

కాటమయ్య బదులు చెప్పబోతుండగా డప్పు మోగింది. వాడకట్టు మలుపు తిరిగి ఇస్రాయేలు వచ్చాడు. డప్పును కాసేపు దంచి, చంకలోకి జరుపుకుని, గొంతెత్తాడు.

"ఇనుర్రో ఇనుర్రి! ఎల్లుండి చాంద్‌మారిల మిలిటరోళ్లు దిగుతున్నరు! పాత త్రీనాట్‌త్రీకి కొత్త తుపాకికి పందెం పెడుతున్నరు! ఏది దూరం గొడ్తదో, ఏది గురిగ గొడ్తదో చూస్తరంట! మైదానం మీద మనిషి ఉండద్దు! గుట్ట అవతల వాగు దాక మనిషి ఉండద్దు, గొడ్డు ఉండద్దు! ఉంటే సర్కారుకు జిమ్మా లేదో!"

కత్తెర ఆగింది.

"మళ్ల అను ఇస్రాయేలూ."

"అంతనా?"

"గుట్ట అవతలది."

"గుట్ట అవతల వాగు దాక మనిషి ఉండద్దు, గొడ్డు ఉండద్దు."

"ఇంతకుముందు ఎన్నడన్న గుట్ట అవతల అని చాటినవా?"

ఇస్రాయేలు డప్పు కర్రతో చెవి గోక్కున్నాడు. "లేదు. గుట్ట మీద ఎర్రజెండా లేస్తది, జెండాకు ఇవతల రావద్దని చాటుడే. గీ మాట కొత్తది. నాకేమెరుకనే ఐలన్నా, నోరు వాళ్లది, డప్పు నాది." కంచె దగ్గర కాటమయ్యను చూసి ముందుకు పోయాడు.

"కొత్త తుపాకి దూరం పోతదంట," అన్నాడు కాటమయ్య, ఎవరూ అడగకుండానే. "అందుకే అట్ల చాటిన్రు."

ఐలేశం అతన్ని చూశాడు. గొర్రె కింద గింజుకుంటోంది. మోకాలు మళ్లీ ఆనించి, మిగిలిన సగం కత్తిరించాడు. ఈసారి చేయి తొందరపడింది. గొర్రె డొక్క మీద సన్నగా రక్తం చిమ్మింది. బూడిద అద్ది వదిలాడు.

*

మర్నాడు ఐలేశం కాటమయ్య మందకు పోలేదు. మోత్కూరు బాట మీద, క్యాంపు గేటుకు ఎదురుగా గోవిందమ్మ చాయ్ హోటలు ఉంది. పోలీసులు డ్యూటీ దిగి అక్కడికే వస్తారు. ఐలేశం పోయేసరికి, జవాన్లకు తుపాకి నేర్పే జమేదారు లింగస్వామి బల్ల మీద కూర్చుని సాసర్‌లో చాయ్ చల్లార్చుకుంటున్నాడు. పక్కన ఇద్దరు జవాన్లు వాదించుకుంటున్నారు.

"కొత్తది గుర్రం లెక్కనే," అంటున్నాడు పొట్టి జవాను. "నిన్న పట్టి చూసిన. గుంజుడు లేదు, తోసుడు లేదు. ఒక్కటి పోంగనే ఇంకోటి తయార్. నువ్వు వేలు కదిలిస్తే సాలు."

"గుర్రమే. కని సాలు పట్టదు," అన్నాడు రెండోవాడు. "పాతది ఎద్దు. మెల్లగ పోతది, సాలు తప్పది. దూరమున్న బొమ్మ నడిమిట్ల కొట్టాలంటే పాతదే. ఏమంటరు జమేదారు సాబ్?"

"నన్నడగకుర్రి," అన్నాడు లింగస్వామి.

"సాబుకు పాత పెండ్లామే ముద్దు," అన్నాడు పొట్టి జవాను.

"కొత్త పెండ్లాం ఒక్కతీరుగ మొత్తుకుంటనే ఉంటది. పాతామె ఒక్క మాటంటది, గది గుండెల తాకుతది," అన్నాడు రెండోవాడు.

గోవిందమ్మ పొయ్యి ఊదుతూ అంది, "గీ మాటలు మీ ఇండ్లల్ల ఆడోళ్లు ఇన్నరంటే ఏ తుపాకి మిమ్ముల కాపాడది."

నవ్వారు. ఐలేశం పందిరి గుంజ దగ్గర నిలబడ్డాడు. అతన్ని చూడగానే నవ్వు ఆగింది. ఆ మనిషి ఏ మాట కోసం వస్తాడో అక్కడ అందరికీ తెలుసు.

"పాత తుపాకి ఎంత దూరం పోతది జమేదారూ?"

"నీకెందుకే గొల్లాయనా?" అన్నాడు పొట్టి జవాను. "గొర్లకు గురి నేర్పుతవా?"

"జమేదారును అడిగిన."

"పాతది గుట్ట దాటది. కొత్తది దాటుతది. అందుకే వాగు దాక చాటమన్నరు. అయిపాయె."

"నేను జమేదారును అడిగిన."

లింగస్వామి సాసర్ ఎత్తాడు. పెదాల దాకా తెచ్చి, తాగకుండా దించాడు. టోపీ అంచు కింద అతని నొసట పసుపు గీత ఉంది. పొద్దున దేవునికి మొక్కి పెట్టుకున్నది, చెమటకు సగం చెరిగింది.

"ఎస్సై సాబు అప్పుడే చెప్పిండు గద," అన్నాడు సాసర్ వైపే చూస్తూ. లేచాడు. చాయ్ సగం అట్లాగే ఉంది. ఎండలోకి పోయి, బెల్టు సర్దుకుని, వెనక్కి చూడకుండా గేటు లోపలికి నడిచాడు.

"చాయ్ పోయనా ఐలన్నా?" అంది గోవిందమ్మ.

"వద్దు," అన్నాడు ఐలేశం. జమేదారు వదిలిపోయిన సాసర్‌ను కాసేపు చూసి వెళ్లిపోయాడు.

*

పందెం రోజు తెల్లవారకముందే గుట్ట మీద ఎర్రజెండా లేచింది. ఐలేశం మందను తోలుకుని గుట్ట చుట్టు తిరిగి అవతలికి పోయాడు. వాగు పక్క ఒక పలుగుబండ ఉంది. సత్తమ్మ ఆ బండకు ఆనుకునే ప్రాణం విడిచింది. ఐలేశం గొర్రెలను చుట్టూ వదిలి, బండ మీద గొంగడి పరిచి, కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

కాసేపటికి ఎల్లేశం కూడా తన మందతో వచ్చాడు.

"నువ్వెందుకొచ్చినవ్?"

"నువ్వెందుకొచ్చినవ్ బావా?"

ఐలేశం గొంగడి అంచు జరిపి చోటు చూపించాడు. ఎల్లేశం అంచున కూర్చున్నాడు. సగం కత్తిరించిన గొర్రెలు, కత్తిరించనివి కలిసిపోయి తుమ్మ కాయలు ఏరుకుంటున్నాయి.

గుట్ట మీది పహరా జవాను చూశాడు. ముందు ఈల ఊదాడు. తర్వాత కేకేశాడు. తర్వాత కిందికి పరుగెత్తాడు. పొద్దెక్కేసరికి జీపు వాగు దాకా వచ్చింది. ఎస్సై దిగాడు. ఆంధ్రం నుంచి ఈ క్యాంపుకు వచ్చి మూడేళ్లు కావస్తోంది. ఆయన వెనక మిలిటరీ మేజరు, తెల్లబడ్డ మీసాలు, కళ్లకు నల్లద్దాలు. తర్వాత జమేదారు లింగస్వామి, ఇద్దరు జవాన్లు. దారిలో కాటమయ్యను కూడా ఎక్కించుకొచ్చారు, నచ్చజెప్పడానికి.

"లేవరా," అన్నాడు ఎస్సై. "చావాలనుందా?"

"ఎట్ల సస్త సారూ?"

"తూటాలొస్తాయి. చాటింపు వినలేదా?"

"ఇన్న. ఏ తుపాకి తూటాలు?"

"రెండూ కాలుస్తారు. కొత్తదీ, పాతదీ."

"మంచిది," అన్నాడు ఐలేశం. "కొత్తది కాల్చినప్పుడు లేస్త. పాతది కాల్చినప్పుడు వచ్చి కూసుంట. పాతది గుట్ట దాటదని మీరే రాసిన్రు. నా పెండ్లాం సచ్చిననాడు రాసిన్రు. సర్కారు రాసిన మాట నేనెట్ల కాదంట?"

ఎస్సై మొహం ఎర్రబడింది. మేజరు ఏమిటని ఉర్దూలో అడిగాడు. ఎస్సై చెప్పేలోపే ఐలేశం తనకు వచ్చిన ఉర్దూలో చెప్పాడు. పాత తుపాకి ఇక్కడికి రాదన్నారు, అందుకే కూర్చున్నాను, అని.

మేజరు నవ్వాడు. "ఎవరన్నారు? గురి సగం దూరంలో ఆగుతుంది, తూటా ఆగదు. కొత్తదానికీ పాతదానికీ తేడా గురిలో ఉంది, వేగంలో ఉంది. చంపడానికైతే పాతది కూడా ఇక్కడికి తీరిగ్గా వస్తుంది. దీనికి అవతల కూడా పోతుంది. లే, లే. పొద్దు పోతోంది."

ఎస్సై మేజరు చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయి ఇంగ్లీషులో గుసగుసలాడాడు. మేజరు నవ్వు ఆపేశాడు. నల్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. జీపు దగ్గరికి పోయి, ఇక ఈ వైపు చూడలేదు.

"దొరగారు చెప్పింది కొత్త తుపాకి గురించి," అన్నాడు ఎస్సై తిరిగి వచ్చి.

ఐలేశం కాటమయ్య వైపు తిరిగాడు. "మామా, ఇన్నవా?"

"నాకు తురకం రాదు."

"పొట్టేండ్ల బేరం తురకంలనే జేస్తవు గద."

కాటమయ్య గొడ్డలి కర్రను నేలలో గుచ్చాడు, తీశాడు. ఐలేశం నడుముకున్న తోలు సంచి విప్పి గొంగడి మీద పెట్టాడు. అందులో మల్లన్న బండారి, పసుపు పొడి. గొల్లలు పసిపిల్ల నొసటికీ, పెండ్లి కొడుక్కూ, పాడె మీది మనిషికీ అదే పెడతారు. బండారి పట్టి అబద్ధమాడినవాని ఇంట్లో దీపం ఉండదని వాళ్ల నమ్మకం.

"బండారి పట్టు మామా. పట్టి, ఇనలేదను. నేను లేచి పోత."

కాటమయ్య చెయ్యి ముందుకు రాలేదు. వెనక్కీ పోలేదు. ఎస్సై చూస్తున్నాడు. కాటమయ్య ఎస్సైని చూశాడు, బండారిని చూశాడు, మొహం తిప్పుకుని వాగును చూశాడు.

"ఇదంతా నాటకం," అన్నాడు ఎస్సై. "జమేదారూ, ఈడ్చి పారెయ్ ఇద్దర్నీ."

జవాన్లు కదిలారు. ఎల్లేశం లేచి బావకు అడ్డం నిలబడ్డాడు. క్యాంపులో దెబ్బలు తిన్న ఎడమ భుజం ఇప్పటికీ వంగే ఉంది. ఆ భుజమే ముందుకు పెట్టాడు.

"నన్ను కొట్టుర్రి," అన్నాడు. "నాకు అలవాటే."

లింగస్వామి మధ్యకు వచ్చాడు. "సార్, పెద్ద సాబు ఈడనే ఉన్నడు. కొడితే ఈడు ఇంకింత మొండికేస్తడు. మీరు జీపు కాడికి పోండ్రి. మాట మీద లేపుత. జవాన్లు గొర్లను దాటేస్తరు."

ఎస్సై మేజరు వైపు చూసి, గడియారం చూసి, జీపు వైపు నడిచాడు. జవాన్లు గొర్రెలను తోలుకుంటూ వాగులోకి దిగారు. బండ దగ్గర నలుగురు మిగిలారు.

లింగస్వామి గొంగడి ముందు గొంతుక్కూర్చున్నాడు. బూటు తాడు విప్పాడు. ముడి బిగుసుకుపోతే గోరుతో లాగాడు. రెండు బూట్లూ విప్పి బండ పక్కన పెట్టాడు. టోపీ తీసి బూట్ల మీద పెట్టాడు. ఉత్త కాళ్లతో గొంగడి మీద కూర్చున్నాడు.

"ఏంది జమేదారూ?" అన్నాడు కాటమయ్య.

"మాది గూడ గొల్ల ఇల్లే పెద్దమనిషీ. జడ్చర్ల కాడ."

సంచిలో చెయ్యి పెట్టి బండారి పిడికిట్లోకి తీసుకున్నాడు. పిడికిలి సందుల్లోంచి పసుపు ఖాకీ ప్యాంటు మీద రాలింది.

"ఆనాడు నేనే నేర్పుతున్న. చైనా యుద్ధం వచ్చిందని తుపాకి ఎన్నడు ముట్టని పోరగాండ్లను తోలిన్రు. కాల్చేటప్పుడు కండ్లు మూస్తున్నరు, గొట్టం పైకి లేస్తున్నది. తూటాలు మట్టికట్ట మీంచి పోయినయి, గుట్ట మీంచి పోయినయి. నేను చూసిన. అన్ని పాత తుపాకులే, కొత్తయి అప్పుడు మేము చూడనే లేదు. గుట్ట అవతల మనుషులుంటరని ఎవ్వలకు సోయి లేకుండె. ఒకని చేతిల తుపాకి గుంజుకుంటుంటే అది గూడ పేలింది, మీదికే పోయింది. తాకింది ఆనిదో, నా చేతిలదో. మల్లన్నకెరుక. బర్మారు గాదు. గీ పోరడు గాదు."

చివరి మాట ఎల్లేశాన్ని చూస్తూ అన్నాడు. ఎల్లేశం కిందికి జారి, బండకు ఆనుకుని, మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. వంగిన భుజం కదులుతోంది. చప్పుడు లేదు.

"ఎస్సైకి అప్పుడే చెప్పిన," అన్నాడు లింగస్వామి. "చెప్పినట్టు మర్చిపొమ్మన్నడు. ఇప్పుడు కులం ముందర చెప్పిన. బయటపడితే నా బట్టలు గుంజుకుంటరు. పిల్లలున్నరు."

"బండారి మాట కులం దాటది," అన్నాడు ఐలేశం.

అది వాళ్ల కట్టు. బండారి పట్టి చెప్పిన మాటను ఠాణాకు మొయ్యరు, కోర్టుకు మొయ్యరు. కులం వింటుంది, కులం తీర్చుకుంటుంది. చెప్పినవాని పేరు అక్కడే ఆగుతుంది. ఎవరికోసం చెప్పారో వాళ్లు ఆ సంగతి మళ్లీ ఎత్తకూడదు.

లింగస్వామి పిడికిలి విప్పి, మిగిలిన బండారి నొసటికి రాసుకున్నాడు. "ఐలన్నా, నన్ను..." అన్నాడు.

"మాఫ్ అడగకు. చెయ్య. రెండేండ్లు నువ్వు చాయ్ తాగుతనే ఉన్నవు, ఈడు దెబ్బలు తింటనే ఉన్నడు. మాట దాస్త. అంతే."

జమేదారు బూట్లు తొడుక్కున్నాడు. ఐలేశం లేచి గొంగడి దులిపాడు. పసుపు బండ మీద పడి పలుగురాయి సందుల్లో నిలిచింది.

వాగు దాటి అవతలి గడ్డ ఎక్కాక కాల్పులు మొదలయ్యాయి. పాత తుపాకి ఒక్క దెబ్బ కొట్టి, ఊపిరి తీసుకుని, ఇంకో దెబ్బ కొడుతోంది. కొత్తది వెంటవెంటనే దంచుతోంది. నడుమ ఒక్కొక్కసారి గుట్ట మీది నుంచి సన్నగా ఈల వినబడుతోంది. పాతదాని చప్పుడు తర్వాత కూడా వినబడింది. కాటమయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకుని, అయిపోయేదాకా నిలబడి విన్నాడు.

*

ఆ సాయంత్రమే కాటమయ్య కులాన్ని కూర్చోబెట్టాడు. బండారి పట్టి, సత్తమ్మను చంపింది చాంద్‌మారి తూటాయేనని తాను చెవులారా విన్నానని చెప్పాడు. ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు. బండారి పట్టిన మాటకు పేరు అడగరు. ఎల్లేశం వెలి తీసేశారు. అతని భార్య అండాలు వీధిలోకి వచ్చి, రెండేళ్ల తర్వాత గుర్వమ్మ ఇంటి నుంచి నిప్పు తెచ్చుకుంది. గుర్వమ్మ కాటమయ్య భార్య. నిప్పు ఇస్తూ ఏడ్చింది. అండాలు ఏడవలేదు. "కట్టె బాగ అంటుకున్నది తియ్యి వదినే," అంది.

మర్నాడు ఎల్లేశం దొడ్డికి కత్తెరలు వచ్చాయి. ఒక్కొక్కరే వచ్చి, కంచె దగ్గర కాసేపు ఆగి, లోపలికి వచ్చారు. కాటమయ్య అందరికన్నా వెనక వచ్చాడు. కంచె బయటే నిలబడ్డాడు.

"కంచె అవతల ఉన్నవు మామా," అన్నాడు ఐలేశం.

కాటమయ్య లోపలికి అడుగు పెట్టాడు. ఐలేశం మంద మొత్తం చూసి, అట్ట బాగా కట్టిన ముసలి గొర్రెను పట్టి తెచ్చి ఆయన ముందు పడగొట్టాడు. దాని తోక కింద పేడ రాయిలా గట్టిపడి ఉంది. కాటమయ్య కూర్చుని, నీళ్లు చిలకరించి, వేళ్లతో విడదీయడం మొదలుపెట్టాడు. ఎల్లేశం ఒకరి దగ్గరి నుంచి ఒకరి దగ్గరికి తిరుగుతూ ఎవరి గొర్రె కాళ్లు పట్టాలో తెలియక నిలబడుతున్నాడు. అండాలు కల్లు పోస్తోంది. పొట్టేలు ఉడుకుతోంది. ఐలేశం ఆ కల్లు ముట్టలేదు. కులంతో కూర్చుని తిననని పొద్దున్నే చెప్పాడు.

"ఇంక కోపమేందే?" అన్నాడు ఒకడు.

"ఆడు రెండేండ్లు ఒంటరిగ తిన్నడు. నేను సచ్చేదాక తింట. మీకేం తక్కువైతది?"

పొద్దు నడినెత్తిన ఉండగా జీపు వచ్చింది. ఎస్సై దిగాడు. వెనక జమేదారు లింగస్వామి దిగి, కొత్త తుపాకి భుజానికి తగిలించుకుని నిలబడ్డాడు. కత్తెరలు నెమ్మదించాయి.

"వెలి తీసేశారట," అన్నాడు ఎస్సై. "మా తూటా అని కులంలో ఎవడో ప్రమాణం చేశాడట. ఎవడు వాడు?"

ఎస్సై ఐలేశం ముందుకు వచ్చి నిలబడ్డాడు. "రెండేళ్లు ఊరూరా తిరిగి అరిచావు కదరా. ఇప్పుడు చెప్పు. నీ పెళ్లాం ఎలా చచ్చిందో చెప్పు. ఎవడు చెప్పాడో చెప్పు. వింటాను."

జమేదారు తుపాకి బెల్టును బిగించి పట్టుకున్నాడు. అతని నొసట ఈ రోజు పసుపు లేదు.

ఐలేశం కత్తెర ఆపలేదు. మోకాలి కింది పొట్టేలు మెడ చుట్టూ జాగ్రత్తగా పోనిచ్చాడు.

"రెండేండ్లు చెప్పిన సారూ. మోత్కూరు అంగట్ల చెప్పిన. నందికొండ డ్యాము పనులకు పోయేటోళ్లకు చెప్పిన. మీ గేటు కాడ నిలబడి చెప్పిన. అప్పుడు మీకు చెవులు లేకుండె. ఇప్పుడు నాకు నోరు లేదు."

"లోపలేస్తా."

"ఎయ్యుర్రి. ఆడ గూడ లేదు."

ఎస్సై కాటమయ్య వైపు తిరిగాడు. "పెద్దమనిషీ, నువ్వు చెప్పు. క్యాంపుకు మాంసం ఇచ్చేది నువ్వే కదా. ఇక ముందూ ఇవ్వాలనుంటే చెప్పు."

కాటమయ్య కత్తెరకు అంటిన బొచ్చు తీసి పారేశాడు. కొంచెం సేపు ఆ కత్తెరనే చూశాడు.

"సారూ, మీ ఆంధ్ర తెలుగు నాకు సమజ్ కాదు," అన్నాడు.

ఎవరో ముక్కుతో నవ్వారు. ఇంకెవరో దగ్గినట్టు చేశారు. తర్వాత దొడ్డి అంతా నవ్వింది. గొర్రెలు బెదిరి గింజుకున్నాయి. ఎస్సై నిలబడ్డాడు, చూశాడు, జీపు వైపు నడిచాడు. జమేదారు ఒక్క క్షణం ఆగి ఐలేశాన్ని చూశాడు. ఐలేశం తల ఎత్తలేదు. జీపు పోయింది. దుమ్ము కత్తిరించిన బొచ్చు మీద వాలింది.

ఎల్లేశం వచ్చి పొట్టేలు కాళ్లు పట్టుకున్నాడు. చాలా సేపు అట్లాగే పట్టుకున్నాడు.

"బావా," అన్నాడు మెల్లగా. "నిన్న జమేదారు చెప్పినదాంట్ల..."

"ఎవ్వడు ఏం చెప్పలే."

"అక్కకు..."

"ఎల్లేశం," అన్నాడు ఐలేశం. కత్తెర ఆగింది. "నీ వెలి పోయింది. దాని కోసమే మొత్తుకున్న. ఇగ ఆ సంగతి నా కాడ తియ్యకు. నువ్వు గాదు, మల్లన్న దిగొచ్చి అడిగినా నేను చెప్ప. కాళ్లు గట్టిగ పట్టు."

ఎల్లేశం గట్టిగా పట్టుకున్నాడు. కత్తెర పొట్టేలు వీపు మీదికి పోయింది.